ఆధారం ఆగిన చోట ఆగిన నివేదిక

2013 నవంబరు 29, శుక్రవారం రాత్రి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో, క్లైడ్ నది ఒడ్డున ఉన్న క్లూథా అనే పబ్బు జనంతో నిండి ఉంది. లోపల ఒక బ్యాండు పాటలు వాయిస్తోంది. 10 గంటల 22 నిమిషాలకు ఒక పోలీసు హెలికాప్టర్ దాదాపు నిట్టనిలువుగా దిగి, ఆ ఒంటి అంతస్తు భవనం కప్పు మీద పడింది. కప్పు కూలిపోయింది. హెలికాప్టర్‌లోని పైలట్, ఇద్దరు పోలీసు అధికారులు, పబ్బులోని ఏడుగురు కలిపి పదిమంది ప్రాణాలు పోయాయి. మరో పదకొండు మంది తీవ్రంగా గాయపడ్డారు.

ఈ ప్రమాదంపై బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం 2015 అక్టోబరు 23న తుది నివేదిక వెలువరించింది. దాని సంఖ్య 3/2015. పనితనం అనగానే మనకు శిల్పమో, చేనేతో, కచేరీయో గుర్తుకొస్తాయి. సర్కారీ సాంకేతిక నివేదికను ఆ పంక్తిలో కూర్చోబెట్టడం కొంచెం వింతగానే ఉంటుంది. అయినా ఈ నివేదిక చేయి తిరిగినవాళ్ళ పని. మాట్లాడలేని వస్తువుల చేత మాట్లాడించడం ఎలాగో, అవి మాట్లాడని చోట మనం కల్పించకుండా ఉండటం ఎలాగో తెలిసినవాళ్ళు రాసింది. రెండో విద్య మొదటిదాని కంటే కష్టమని, అందులోనే ఈ నివేదిక గొప్పతనం ఉందని నా అభిప్రాయం.

ముందు చిక్కుముడి ఏమిటో చూద్దాం. కూలిన హెలికాప్టర్ యూరోకాప్టర్ సంస్థ తయారుచేసిన ఈసీ135 టీ2 ప్లస్ రకం. మూడు టన్నుల లోపు బరువుండే తేలికపాటి యంత్రం. దానికి టర్బోమెకా కంపెనీ ఆరియస్ ఇంజిన్లు రెండు. ఒకటి ఆగిపోయినా రెండోదానితో ఎగిరే శక్తి ఉంటుంది కాబట్టే ఇలాంటి హెలికాప్టర్లను రాత్రిపూట నగరాల మీద తిరగనిస్తారు. ఆ రాత్రి రెండు ఇంజిన్లూ గాలిలోనే ఆగిపోయాయి. ఇంధనం అయిపోయిందనుకుందామంటే, శకలాల్లోని ట్యాంకు నుంచి దాదాపు 95 లీటర్లు బయటకు తీశారు. అంటే సుమారు 76 కిలోలు. ఇంజిన్లు చెడిపోయాయనుకుందామంటే వాటిలో పెద్ద లోపం ఏదీ కనిపించలేదు. ఇంధనం ఉంది, ఇంజిన్లు ఉన్నాయి. మరి శక్తి ఏమైంది?

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ హెలికాప్టర్‌లో బ్లాక్ బాక్స్ లేదు. పెద్ద విమానాల్లో వేగం, ఎత్తు, మీటల స్థితి అన్నీ రాసిపెట్టే పరికరం ఒకటి, కాక్‌పిట్‌లో మాటలు దాచే పరికరం ఒకటి ఉంటాయి. ఈ బరువు తరగతి హెలికాప్టర్లకు అప్పటి నిబంధనల ప్రకారం అవి తప్పనిసరి కావు. లోపలున్న ముగ్గురూ చనిపోయారు. ప్రమాదంలో ఉన్నామన్న రేడియో పిలుపు కూడా రాలేదు. చివరి నిమిషాల గురించి నోటితో చెప్పగలిగిన సాక్షి ఒక్కరూ మిగల్లేదు.

ఈ పని చేతికి తీసుకున్న సంస్థ పాతది. సైనిక విమానాల ప్రమాదాల కోసం 1915లో ఒక ఇన్‌స్పెక్టర్‌ను నియమించడంతో దాని చరిత్ర మొదలైంది. క్లూథా నివేదిక వచ్చింది దాని నూరో ఏట. దాని కేంద్రం దక్షిణ ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో. కామెట్ జెట్ విమానాలు ఆకాశంలో ఎందుకు పగిలిపోతున్నాయో 1954లో ఒక విమానం కాయాన్ని నీటి తొట్టెలో దించి, మళ్ళీ మళ్ళీ ఒత్తిడి పెట్టి కనుక్కున్న ఊరు అదే. అక్కడివాళ్ళకు లోహాన్ని చదవడం వారసత్వంగా వచ్చిన విద్య. ఈ సంస్థ పనికి ఒక కట్టుబాటు ఉంది. ప్రమాదం మళ్ళీ జరగకుండా చూడటమే లక్ష్యం, నింద మోపడం కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడికలోని పదమూడో అనుబంధం చెప్పే నియమమే ఇది. చాలా చోట్ల ఇది మొదటి పేజీలో అచ్చువేసే లాంఛనంగా మిగిలిపోతుంది. ఈ నివేదికలో మాత్రం ప్రతి పేజీని నడిపించింది అదే.

శకలాలను డిసెంబరు 2న క్రేన్‌తో పైకి తీసి ఫార్న్‌బరోకు తరలించారు. డిసెంబరు 9న, అంటే ప్రమాదం జరిగిన పది రోజులకే, మొదటి ప్రత్యేక ప్రకటన వచ్చింది. దాన్ని ఇప్పుడు మళ్ళీ చదివితే ఎంత తక్కువ చెప్పారో, ఆ తక్కువలోనే ఎంత చెప్పారో తెలుస్తుంది. హెలికాప్టర్ భవనాన్ని తాకినప్పుడు కిందికి దిగే వేగం ఎక్కువ, ముందుకు పోయే వేగం దాదాపు లేదు. పైన తిరిగే ప్రధాన రెక్కలన్నీ వాటి స్థానంలోనే ఉన్నాయి. కానీ తాకే సమయానికి అవి తిరగడం లేదు. తోకలోని ఫ్యానూ తిరగడం లేదు. ఇంజిన్ల నుంచి రెక్కలకు శక్తిని చేర్చే గేరుబాక్సు పని చేయగల స్థితిలోనే ఉంది. ట్యాంకులో ఇంత ఇంధనం ఉంది. అంతవరకే. కారణం మాట ఎత్తలేదు.

రెక్కలు తిరగడం లేదని ఎలా తెలుస్తుంది? ఈ వృత్తిలోని అందం ఇలాంటి చోట్లే కనిపిస్తుంది. నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరిగే రెక్క దేన్నయినా తాకితే ముక్కలై దూరంగా ఎగిరిపోతుంది. తాకినదాని మీద కోత గుర్తులు పడతాయి. తోక ఫ్యాను దాని చుట్టూ ఉండే గొట్టం లోపలి గోడను వలయాకారంలో గీరుతుంది. ఆ గుర్తులేవీ లేకుండా రెక్క ఉన్న చోటే వంగి, పై నుంచి కిందికి పడిన బరువుకు మాత్రమే దెబ్బతిని ఉంటే, అది నిలిచిపోయి ఉన్న రెక్క. లేని గాటు కూడా ఉన్న గాటు చెప్పినంత చెబుతుంది. హెలికాప్టర్‌ను గాలిలో నిలిపేది రెక్కల భ్రమణమే కాబట్టి, ఈ ఒక్క గమనికతో ప్రశ్న కింది నుంచి పైకి జరిగింది. భవనాన్ని ఎందుకు ఢీకొట్టిందన్న దాని కంటే గాలిలో ఉండగానే రెక్కలు ఎందుకు ఆగాయన్నది ముఖ్యమైంది.

తర్వాత ఇంధనం. ఈసీ135 ఇంధన వ్యవస్థను నివేదిక ఓపికగా విడమరిచి చెబుతుంది. సాంకేతిక విషయాన్ని రాయాలనుకునేవాళ్ళెవరైనా ఆ భాగం చదవాలి. ప్రయాణికుల కాళ్ళ కింద రెండు ట్యాంకులుంటాయి. పెద్దది ప్రధాన ట్యాంకు. దాని వెనక ఉన్న చిన్నది సరఫరా ట్యాంకు. సరఫరా ట్యాంకును మధ్యలో అడ్డుగోడ రెండు అరలుగా విడదీస్తుంది. ఎడమ అర ఎడమ ఇంజిన్‌కు, కుడి అర కుడి ఇంజిన్‌కు. ఇంజిన్లు తీసుకునేది ఈ అరల నుంచే, ప్రధాన ట్యాంకు నుంచి నేరుగా కాదు. ప్రధాన ట్యాంకులో ముందొకటి, వెనకొకటి ఉండే రెండు ట్రాన్స్‌ఫర్ పంపులు ఇంధనాన్ని సరఫరా ట్యాంకులోకి తోడుతూ ఉంటాయి. అవసరానికి మించి తోడినది పొర్లి మళ్ళీ ప్రధాన ట్యాంకులోకే వస్తుంది. కాబట్టి పంపులు నడుస్తున్నంత కాలం అరలు నిండుగా ఉంటాయి. మన ఇళ్ళలో సంపు నిండా నీళ్ళున్నా మోటారు వేయకపోతే మేడమీది ట్యాంకు ఎండిపోయి కుళాయిలో చుక్క రాదు కదా. ఇక్కడా అంతే. ప్రధాన ట్యాంకులో 76 కిలోలున్నాయి. సరఫరా అరలు రెండింటిలో కలిపి చూసినా అర కిలో కూడా లేదు.

పంపుల స్విచ్‌లు పైలట్ తల పైనుండే పలకలో ఉంటాయి. శకలాల్లో ట్రాన్స్‌ఫర్ పంపుల స్విచ్‌లు రెండూ ఆఫ్‌లో కనిపించాయి. అదే పలకలో ప్రైమ్ పంపులనే మరో రెండింటి స్విచ్‌లు ఆన్‌లో ఉన్నాయి. ప్రైమ్ పంపుల పని ఇంజిన్లను మొదలుపెట్టేటప్పుడు సరఫరా అరల నుంచి ఇంధనాన్ని పైకి నెట్టడం. ఇంజిన్ అందుకున్నాక వాటిని ఆపేస్తారు. అంటే నడవాల్సినవి ఆగి ఉన్నాయి, ఆగాల్సినవి నడుస్తున్నాయి.

దీంతో కేసు తేలిపోయినట్టే అనిపిస్తుంది. అనుభవం లేని చేయి ఇక్కడే నిర్ధారణ రాసేసేది. దర్యాప్తు వాళ్ళు అలా చేయలేదు. స్విచ్ స్థితి ఒంటరి సాక్షి. పడిన దెబ్బకు కదిలిందనో, శిథిలాల్లో ఎవరి చేయో తగిలిందనో వాదించవచ్చు. అందుకే దాన్ని ఖాళీ అరలతో కలిపి చదవాలి. ప్రధాన ట్యాంకులో అంత ఇంధనం ఉండగా అరలు ఎండిపోయాయంటే పంపులు తోడలేదన్నమాట. స్విచ్ చెప్పిన మాటే ఇంధనమూ చెప్పింది. పంపులు చెడిపోయాయేమోనని వాటిని పరీక్షించారు, పని చేశాయి. దారిలో ఎక్కడైనా అడ్డు పడిందేమోనని గొట్టాలు చూశారు, అడ్డు లేదు. ఇంధనం కల్తీ అయిందేమోనని చూశారు, కాలేదు. ఒక్కో అనుమానాన్ని తీసుకుని, దాన్ని నిజంగా నమ్మేవాడు ఎంత శ్రద్ధగా వెదుకుతాడో అంత శ్రద్ధగా వెదికి, దొరకకపోతేనే పక్కన పెట్టారు.

నడిచే పంపును పైలట్ ఎందుకు ఆపుతాడన్న ప్రశ్న చదువరికి వెంటనే వస్తుంది. నివేదిక దానికి యంత్రం వైపు నుంచి జవాబిస్తుంది. హెలికాప్టర్ గాలిలో ఒకే చోట నిలబడినప్పుడు ముక్కు కొంచెం పైకి లేస్తుంది. ట్యాంకులో ఇంధనం తగ్గి ఉంటే అదంతా వెనక్కి జారి ముందు పంపు బయటపడుతుంది. ముందుకు సాగేటప్పుడు ముక్కు దిగుతుంది, అప్పుడు వెనక పంపుకు ఇంధనం అందదు. తెరమీద సూచన వస్తుంది. పొడిగా తిరిగే పంపు పాడవుతుంది కాబట్టి పైలట్ దాన్ని ఆపాలి. భంగిమ మారాక గుర్తుంచుకుని మళ్ళీ వేయాలి. పోలీసు పని అంటే ఒక చోట నిలబడి గాలించడం, అక్కడి నుంచి మరో చోటికి పోవడం, మళ్ళీ నిలబడటం. ఆ రాత్రి 8 గంటల 44 నిమిషాలకు 400 కిలోల ఇంధనంతో బయలుదేరిన హెలికాప్టర్ గ్లాస్గోలో ఓట్‌లాండ్స్ దగ్గర ఒక గాలింపు చేసి, తూర్పున ఎడిన్‌బరా దగ్గరి డాల్కీత్ దాకా వెళ్ళి, తిరుగుదారిలో బాత్‌వెల్, ఉడింగ్‌స్టన్, బార్గెడ్డీల మీద పని చూసుకుంది. ఆ స్విచ్‌ల మీదికి చేయి పోవడానికి సందర్భాలు చాలానే ఉన్నాయి.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన భాగం జ్ఞాపకాలను తవ్వి తీయడం. రికార్డర్ లేకపోయినా ఆధునిక యంత్రంలో చిన్న చిన్న జ్ఞాపకాలుంటాయి. ఇంజిన్లను నడిపే కంప్యూటర్లు, హెచ్చరిక దీపాలను వెలిగించే పెట్టె తమ లోపాలను కరెంటు పోయినా చెరగని చిప్‌లలో రాసుకుంటాయి. అవి దర్యాప్తుల కోసం పెట్టినవి కావు, మరమ్మతు చేసేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టినవి. ప్రయాణం మొత్తాన్ని అవి చెప్పలేవు. ఏ హెచ్చరిక తర్వాత ఏ హెచ్చరిక వచ్చిందో చెప్పగలవు. ఆ వరుస చాలు.

ముందుగా ఎడమ అరలో ఇంధనం తక్కువైందన్న హెచ్చరిక వచ్చి పోతూ ఉంది. తర్వాత కుడి అర హెచ్చరిక వచ్చి నిలిచిపోయింది. ఎడమది మరోసారి వచ్చి పోయి, ఆ పైన తానూ నిలిచిపోయింది. మొత్తం ఐదు సార్లు. ఆ తర్వాత రెక్కల వేగం తగ్గిందన్న అలారం. తర్వాత ఆటోపైలట్‌కు సంబంధించినది ఒకటి. ఆపైన బ్యాటరీ ఖర్చవుతోందన్న హెచ్చరిక. జనరేటర్లను తిప్పేది ఇంజిన్లే కాబట్టి రెండు ఇంజిన్లూ ఆగితేనే ఇది రావడం సహజం. చివరికి మళ్ళీ రెక్కల వేగం గురించి అలారాలు. ఇంజిన్ కంప్యూటర్లు ఇంకో ముక్క కలిపాయి. ముందు కుడి ఇంజిన్ ఆగింది, 32 సెకన్లకు ఎడమది ఆగింది. సరఫరా ట్యాంకు అరల్లో ఒకదాన్ని కావాలనే కొంచెం చిన్నదిగా కడతారు, రెండు ఇంజిన్లూ ఒకేసారి ఆగకూడదని. ఆ తేడాతో మూడు నాలుగు నిమిషాల వ్యవధి దొరుకుతుందని రూపకర్తల లెక్క. ఆ రాత్రి దొరికింది అర నిమిషం.

ఇంధనం తక్కువ హెచ్చరిక దేనితో వస్తుందో కూడా నివేదిక జాగ్రత్తగా చెబుతుంది, అలా చెప్పడానికి కారణముంది. ప్రమాదం జరిగిన రెండు వారాల్లోపే, హెలికాప్టర్‌ను నడిపిన బాండ్ ఎయిర్ సర్వీసెస్ తన ఈసీ135లను తాత్కాలికంగా నేల మీద నిలిపేసింది. మరో హెలికాప్టర్‌లో ఇంధన సూచిక ఉన్నదాని కంటే ఎక్కువ చూపిందని బయటపడింది. ఈ వార్త రాగానే లోకం ఒక జవాబు అందుకుంది: సూచిక అబద్ధం చెప్పింది, పైలట్ మోసపోయాడు. ఆ అవకాశాన్ని దర్యాప్తు తోసిపుచ్చలేదు, పక్కకు తీసి కొలిచింది. తెరమీద ఇంధనం మట్టం చూపే సెన్సార్లు వేరు, ఎర్ర హెచ్చరికను వెలిగించే సెన్సార్లు వేరు. రెండోవి వేడిని బట్టి పనిచేసేవి, మొదటివాటితో సంబంధం లేనివి. రకాన్ని బట్టి అరలో 24 నుంచి 32 కిలోల మధ్య మిగిలినప్పుడు అవి వెలుగుతాయి. తెర అబద్ధం చెప్పినా దీపం తన పని తాను చేస్తుంది. దీపాలు వెలిగాయని చిప్ చెబుతోంది. ఆ దీపం వెలిగితే పది నిమిషాల్లో దిగాలన్నది పైలట్ చెక్‌లిస్టులోని ఆదేశం. హెలికాప్టర్ ప్రయాణం మొత్తం మీద నిమిషానికి సుమారు మూడుంబావు కిలోలు తాగిందని లెక్క వేస్తే, పది నిమిషాలన్నది భయపెట్టడానికి రాసిన అంకె కాదని, కొంత వెసులుబాటు ఉంచి రాసినదేనని అర్థమవుతుంది.

రెండు ఇంజిన్లు ఆగినా ఒక దారి మిగిలి ఉంటుంది. దాన్ని ఆటోరొటేషన్ అంటారు. పైలట్ ఎడమచేతి లివర్‌ను వెంటనే కిందికి దించితే రెక్కల వాలు తగ్గుతుంది. దిగుతున్న హెలికాప్టర్ కింది నుంచి పైకి వచ్చే గాలి రెక్కలను తిప్పుతూనే ఉంటుంది. ముందుకు వేగం నిలబెట్టుకుని, నేల దగ్గరపడ్డాక ముక్కు ఎత్తి ఆ వేగాన్ని రెక్కల్లోకి మళ్ళించి, చివరి క్షణంలో లివర్ పైకి లాగి నేలను తాకాలి. తేలికైన రెక్కల వేగం చాలా త్వరగా పడిపోతుంది కాబట్టి మొదటి ఒకటి రెండు సెకన్లే అన్నీ. రెక్కల వేగం అలారం ఒకసారి వచ్చి, మళ్ళీ వేరేగా నమోదైంది. అంటే మధ్యలో వేగం కొంత కోలుకుంది. కానీ దిగడం చివరిదాకా అదుపులో సాగలేదని ఆగిన రెక్కలు చెబుతున్నాయి.

ఇక్కడ నివేదిక చీకటి గురించి ఒక మంచి పరిశీలన చేస్తుంది. రెండు జనరేటర్లూ పోయాక బ్యాటరీని కాపాడటానికి కొన్ని పరికరాలకు కరెంటు దానంతటదే ఆగిపోతుంది. నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నామో కచ్చితంగా చెప్పే రేడియో ఆల్టిమీటర్, పైలట్ తిప్పుకోగల ల్యాండింగ్ దీపం ఆ జాబితాలో ఉన్నాయి. షెడ్ బస్ అనే స్విచ్‌ను అత్యవసర స్థితికి మారిస్తే అవి మళ్ళీ వస్తాయి. ఆ స్విచ్ మామూలు స్థితిలోనే ఉంది. రాత్రి, నగరం నడిమధ్య, రెండు ఇంజిన్లూ ఆగిన క్షణంలో, లివరూ పెడళ్ళూ వదలకుండా మరో స్విచ్ కోసం చేయి చాచాలన్నమాట. పైలట్ ఆ స్విచ్ వేయలేదని రాసి ఊరుకోవచ్చు. నివేదిక ఇంకో అడుగు వేసి, అలాంటి ఘడియలో ఎత్తు చెప్పే పరికరానికి కరెంటు ఎందుకు పోవాలని రూపకల్పన వైపు ప్రశ్నను తిప్పింది. నింద మోపకూడదన్న కట్టుబాటు అక్షరాలా ఎలా పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు. మనిషిని తప్పు పట్టడంతో తృప్తిపడితే ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది.

ఇంత కట్టాక నివేదిక తన అసలు ప్రశ్న ముందు నిలబడుతుంది. ట్రాన్స్‌ఫర్ పంపులు ఎందుకు ఆఫ్‌లో ఉన్నాయి? ఐదు హెచ్చరికలను గమనించినట్టు మీట నొక్కిన పైలట్, సైన్యంలోనూ బయటా కలిపి 5,500 గంటలకు పైగా ఎగిరిన మనిషి, చెక్‌లిస్టు చెప్పినట్టు ఎందుకు చేయలేదు? ప్రమాదానికి నాలుగు నిమిషాల ముందు కూడా మామూలు గొంతుతోనే తిరిగి వస్తామని రేడియోలో అనుమతి అడిగారు. ట్రాన్స్‌ఫర్ అనుకుని ప్రైమ్ స్విచ్‌లు వేశాడా? చదివేవాళ్ళ మనసు ఆ కథను దానంతటదే అల్లేసుకుంటుంది, అది నిజం కూడా కావచ్చు. అయినా నివేదిక ఆ కథను నిర్ధారణ మెట్టు ఎక్కనివ్వదు. ఎందుకన్నది తేల్చలేకపోయామని రాసి ఆగుతుంది.

ఇది చాలామందికి నచ్చలేదు. రెండేళ్ళు ఎదురుచూసిన కుటుంబాలు నిరాశపడ్డాయి, పడటం న్యాయమే. పోయినవాళ్ళు ఎందుకు పోయారో తెలుసుకోవాలనే ఆత్రానికి 76 కిలోల లెక్క సమాధానం కాదు. కానీ ఈ నివేదిక రాతను దగ్గరగా చూస్తే, నిశ్చయానికి నాలుగు అంతస్తులు కనిపిస్తాయి. చేత్తో తాకి చూసినది, పరీక్షించి రాబట్టినది, ఉన్న ఆధారాలకు సరిపోయేది, తెలియనిది. ఒక అంతస్తులోని వాక్యం ఇంకో అంతస్తులోకి ఎప్పుడూ జారదు. విశేషణాలు లేవు, బాధ లేదు, ఓదార్పూ లేదు. 32 సెకన్లు అని రాస్తుంది తప్ప కేవలం 32 సెకన్లు అని రాయదు. నాలుగో అంతస్తులో ఊహను చేర్చి ఉంటే కింది మూడింటి మీద కూడా నమ్మకం సడలేది.

తెలుగువాళ్ళకు ఈ తేడా బాగా అర్థమయ్యే సంఘటన ఒకటి ఉంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. అదీ రెండు ఇంజిన్ల హెలికాప్టరే. అక్కడ ఇంజిన్లు ఆగిపోలేదు, కారణాలు వేరు. కానీ అందులో కాక్‌పిట్ మాటల రికార్డర్ ఉంది. అందుకే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ గురించి వచ్చిన సూచనకు సరైన చెక్‌లిస్టు పేజీ వెదకడంలో పైలట్లు నిమిషాల తరబడి మునిగిపోయారని, ఈలోగా వాతావరణం మీద, ఎగిరే దారి మీద ధ్యాస తప్పిందని ఆ ప్రమాదాన్ని దర్యాప్తు చేసిన త్యాగి కమిటీ చెప్పగలిగింది. మనుషుల ధ్యాస ఎటు పోయిందో లోహం చెప్పదు, గొంతు చెబుతుంది. పావురాలగుట్టలో గొంతు దొరికింది, గ్లాస్గోలో దొరకలేదు. క్లూథా నివేదిక తేల్చలేనిదీ, త్యాగి కమిటీ తేల్చగలిగినదీ ఒకే రకం ప్రశ్న.

2019లో స్కాట్లాండ్ న్యాయవ్యవస్థ ఈ మరణాలపై వేరుగా విచారణ జరిపింది. అక్టోబరు 30న షెరిఫ్ ప్రిన్సిపల్ క్రెయిగ్ టర్న్‌బుల్ తన నిర్ణయం వెలువరిస్తూ, హెచ్చరికలు వచ్చినా దిగకుండా పైలట్ ఒక సాహసం చేశాడని, దాని ఫలితం ఘోరమైందని తేల్చారు. దర్యాప్తు విభాగం ఆగిన చోటు నుంచి ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. అందులో తప్పేమీ లేదు. న్యాయాధికారి పని ఉన్న సాక్ష్యంలో ఏది ఎక్కువ సంభవమో చెప్పడం. దర్యాప్తు విభాగం పని రేపటి హెలికాప్టర్‌కు పనికొచ్చేది చెప్పడం. ఆ అడుగు వేయడానికి కాలి కింద గట్టి నేల ఉందంటే అది 2015 నివేదిక వేసినదే. ట్యాంకు, స్విచ్‌లు, దీపాల వరుస, 32 సెకన్లు, యంత్రంలో లోపం లేదన్న మాట, అన్నీ అక్కడివే.

నివేదిక చివర ఏడు భద్రతా సిఫార్సులున్నాయి. ఎత్తు చెప్పే పరికరం కరెంటు పోయినా పనిచేయాలన్న ఆలోచన వాటిలో ఉంది. పోలీసు పనికి, అత్యవసర వైద్యసేవకు తిరిగే హెలికాప్టర్లు చిన్నవైనా సరే రికార్డర్లు పెట్టాలన్నది వాటిలో ముఖ్యమైనది. ఈ సిఫార్సుకు బలం ఎక్కడి నుంచి వచ్చిందో గమనించండి. తేల్చలేకపోయామన్న వాక్యం నుంచే వచ్చింది. పైలట్ స్విచ్‌లు తారుమారు చేశాడని ఊహతో రాసి ఉంటే, కారణం తెలిసిపోయింది కదా, ఇంక రికార్డర్ ఎందుకని అడిగేవాళ్ళకు నోరు దొరికేది. ఇంతమంది నిపుణులు ఇంత కాలం వెదికినా ఒక ముఖ్యమైన ప్రశ్నకు జవాబు రాలేదని నిజాయితీగా ఒప్పుకోవడం వల్లే, ఆ జవాబు చెప్పగలిగే పరికరాన్ని అడిగే హక్కు వాళ్ళకు వచ్చింది.

మన దేశంలోనూ 2012 నుంచి బ్రిటన్ విభాగాన్ని పోలిన పేరుతో, అదే పద్ధతి ప్రకారం పనిచేసే దర్యాప్తు సంస్థ ఉంది. అది రాసే నివేదికలు ప్రజలు చదువుకోవడానికి అందుబాటులో ఉంటాయి. ప్రమాదం జరిగిన మర్నాడే టీవీ చర్చల్లో కారణం తేలిపోయే కాలంలో, చాలామంది వాటి కారణాల పేజీ తిరగేసి మూసేస్తారు. క్లూథా నివేదిక చదివినవాళ్ళు అలా చేయలేరు. ముందుగా, తెలియదని ఏ విషయం గురించి ఒప్పుకున్నారో చూస్తారు. ఆ తర్వాత సిఫార్సుల పేజీకి వెళ్ళి, ఆ తెలియనిదాన్ని వచ్చేసారి తెలుసుకోవడానికి ఏం అడిగారో చూస్తారు. మొదటిది లేని నివేదికలో దాపరికం ఉండొచ్చు, రెండోది లేని నివేదిక సగం పనే చేసింది. ఆ రెండూ ఉన్నాయి కాబట్టే 3/2015 ఇంకా చదవదగ్గది.